కుడిచెయ్యి

చట్టసభలో మనుషుల్ని మొయ్యడం ఒక విద్య. పత్రికల్లో ఫొటో చూసేవాళ్ళకి అది తోపులాటలా కనిపిస్తుంది గానీ, అందులో ఎవరి వాటా వాళ్ళకి ఉంటుంది. మగ సభ్యుల్ని మగ మార్షల్స్ మోస్తారు, ఆడ సభ్యుల్ని ఆడ మార్షల్స్. ఆడవాళ్ళు నలుగురే. ఒకరిది ఎడమచెయ్యి, ఒకరిది కుడిచెయ్యి, మిగిలిన ఇద్దరిదీ చెరో కాలు. సభాపతి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, ఫలానా సభ్యురాలిని బయటికి పంపమని చెప్పడం ఆలస్యం, నలుగురూ నాలుగు వైపుల నుంచి వెళ్ళి తమ వాటా తాము అందుకోవాలి. ఒకరి వాటా ఇంకొకరు ముట్టుకోకూడదు. ముట్టుకున్నారంటే కాళ్ళూ చేతులూ చిక్కుపడి అందరూ కట్టగట్టుకుని కింద పడతారు, మర్నాడు ఊరంతా నవ్వుతుంది. ఏళ్ళ తరబడి ఇదే పని చెయ్యడం వల్ల ఆ నలుగురికీ అసలు పేర్లు పోయి వాటాల పేర్లే మిగిలాయి. జీతాల గుమాస్తా కూడా, ఎడమకాలు ఇవాళ సెలవు పెట్టిందా అని అడుగుతాడు.

మన కథ కుడిచెయ్యిది. పొడుగు మనిషి, మాట పొదుపు, నలభై దాటిన వయసు. ఆమె పట్టుకుంటే పోలీసు బేడీలు కూడా సిగ్గుపడాలని తోటివాళ్ళు అంటారు. ఆ పట్టు ఊరికే రాలేదు. చేరిన కొత్తలో మార్షల్ పెద్దాయన, సైన్యంలో పనిచేసి వచ్చిన మీసాలాయన, ఆమె చేత ఇసుక బస్తా చెవులు పట్టించి, మణికట్టు మీద కర్రతో కొట్టేవాడు. వదిలేస్తే మళ్ళీ మొదటి నుంచి. దెబ్బ తగిలితే తిరిగి కొట్టేది పశువు, వదిలేసేది పిరికిపంద, పట్టు బిగించేవాడే మార్షల్ అని ఆయన పాఠం. ఇంకో పాఠం సెల్యూట్. జెండా కట్టిన కారు కనబడితే చెయ్యి దానంతటది నుదుటికి పోవాలి. లోపల ఎవరున్నారని చూడకూడదు, సెల్యూట్ జెండాకి గానీ మనిషికి కాదు అనేవాడు. కొన్నాళ్ళకి ఆమె ఒళ్ళు ఆ రెండు పాఠాలూ తలతో పనిలేకుండా నేర్చేసుకుంది. అదే ఆమె కొంప ముంచింది.

ఆమెకి ఒక్కడే తమ్ముడు. రోడ్లమీద గీతలు వేసేవాడు. ఆ రంగు డబ్బాలో దొరికే రంగు కాదు. నాలుగు చక్రాల బండిమీద పెద్ద పీపా, కింద మంట, లోపల తెల్లటి ముద్ద కుతకుతా ఉడుకుతూ ఉంటుంది. అది వేడిగా ఉన్నప్పుడే నేలమీద పరవాలి, చూస్తూండగానే రాయిలా గట్టిపడిపోతుంది. వాడి చొక్కాలకీ, గోళ్ళకీ, ఒకోసారి కనుబొమలకీ కూడా తెల్లటి చుక్కలుండేవి. అక్కని ఏడిపించడం వాడికి సరదా. "నేను గీత గీస్తే బండ్లు ఆగుతాయి. నువ్వు గీత దాటిస్తే నోళ్ళు మూతపడతాయి. మన ఇంట్లో ఇద్దరం ఆపేవాళ్ళమే పుట్టామే అక్కా" అనేవాడు.

వాడిని చంపింది ఒక పొడుగాటి బూడిదరంగు కారు. ఆసుపత్రి గేటు ఎదురుగా, జనం దాటే చోట, పొద్దున్నే, బాగా తెల్లారిన వెలుగులో వాడు అడ్డపట్టీలు వేస్తున్నాడు. సగం వేశాడు. చుట్టూ బండ్లకి అడ్డంగా ఎర్ర ప్లాస్టిక్ టోపీలు నిలబెట్టే ఉన్నాయి. ఆ కారు టోపీల్ని ఎగరగొట్టుకుంటూ వచ్చి వాడినీ రంగు బండినీ కలిపి గుద్దింది. పీపా ఒరిగి, ఉడుకుతున్న రంగు వాడి ముఖం మీదా మెడ మీదా పడింది. కారు ఆగలేదు. వాడి చొక్కా ముందు చక్రం దగ్గర చిక్కుకుని, అరుస్తున్న మనిషిని అలాగే ఆసుపత్రి గోడ పొడవునా ఈడ్చుకుపోయింది. గోడ అయిపోయే చోట ఆగింది. అప్పటికి అరుపు కూడా ఆగింది.

ఇదంతా ఆమెకి తమ్ముడి తోటి పనివాడు చెప్పాడు. కారులోంచి కోటు వేసుకున్న మనిషి దిగి, తూలుతూ ముందుకొచ్చి, చక్రం కింద ఉన్నదాన్ని కాకుండా దీపం పగిలిందేమోనని చూసుకున్నాడట. కానిస్టేబులు పరిగెత్తుకొచ్చి కాలర్ పట్టుకోబోతే జేబులోంచి ఒక కార్డు తీసి చూపించాడట. కానిస్టేబులు కాలిన పెనం ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడట.

శవాగారంలో తమ్ముడి ముఖం ఆమెకి కనబడలేదు. తెల్లరంగు గట్టిపడి ముసుగులా అతుక్కుపోయింది. అక్కడి మనిషి దాన్ని పట్టకారుతో లాగబోతే చర్మం కూడా ఊడివచ్చింది. వద్దు, అలాగే ఉంచు అంది ఆమె. పక్కన మరదలు, వాడి పెళ్ళాం, ఏడవలేదు. ఏడవకుండా ఇంటికి వెళ్ళి వాడి చొక్కాలన్నీ నానబెట్టి ఉతకడం మొదలుపెట్టింది. ఆ చుక్కలు పోవని తెలిసి కూడా రోజూ ఉతుకుతూనే ఉంది. ఆ బాదుడు చప్పుడు వింటుంటే కుడిచెయ్యికి ఎవరినైనా చంపెయ్యాలనిపించేది. ఎవరిననేది మాత్రం తెలిసేది కాదు.

అది ఇన్‌స్పెక్టర్ చెప్పాడు, తల వంచుకుని. ఆ కోటు మనిషి ఒక విదేశీ రాయబార కార్యాలయంలో అధికారి. అలాంటివాళ్ళని ఇక్కడి చట్టం ముట్టుకోదు. వాళ్ళ దేశం ఒప్పుకుంటేనే కేసు. ఒప్పుకోమని మన ప్రభుత్వం అడగాలి. అడగదు, ఎందుకంటే ఆ దేశమే మనకి కొత్త రహదారులకి అప్పిస్తోంది. పాలిచ్చే ఆవు తన్నినా పైవాళ్ళకి తియ్యగానే ఉంటుందమ్మా అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తన్ను తిన్నది మా తమ్ముడు సార్. పాలు తాగేది వాళ్ళు" అంది కుడిచెయ్యి.

ఇన్‌స్పెక్టర్ ఫైలు మూసేశాడు. పాపం, ఆయన మంచివాడే. మంచివాళ్ళ దగ్గర ఎప్పుడూ జవాబులుండవు.

అప్పుడు ఆమెకి ఉడుము గుర్తొచ్చింది. ఉడుమంటే ప్రతిపక్షంలో ఒక ముసలి సభ్యురాలు. బల్లకాలు పట్టుకుందంటే ఇక వదలదు, అందుకని ఆ పేరు. కుడిచెయ్యి ఆమెని ఎన్నిసార్లు సభ దాటించిందో ఇద్దరికీ లెక్కలేదు. ఒకసారి ఉడుము కుడిచెయ్యి ముంజేతిని కొరికింది, ఇంకోసారి కుడిచెయ్యి పట్టుకి ఆమె గాజు పగిలి చేతిలో దిగింది. ఇద్దరూ ఒకరి ఒళ్ళు ఒకరికి ఇంత బాగా తెలిసి కూడా ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఉడుము గది తలుపు తట్టినప్పుడు కుడిచెయ్యి యూనిఫాంలో లేదు. ఉడుము ముఖం చూసి గుర్తుపట్టలేదు, మణికట్లు చూసి గుర్తుపట్టింది.

అంతా విని ఆ ముసలామె లేచి తలుపు గడియ పెట్టింది. తర్వాత ప్రశ్నోత్తరాల సంగతి విడమరిచి చెప్పింది. రోడ్డు భద్రత మీద రవాణా మంత్రికి తన ప్రశ్న ఒకటి రాబోతోంది. అదేరోజు విదేశాంగ మంత్రి కూడా అప్పు ఒప్పందం మీద జవాబు చెప్పడానికి వస్తాడు. ఇద్దరూ ఒకే చోట దొరుకుతారు. అనుబంధ ప్రశ్నగా తమ్ముడి సంగతి అడుగుతుంది. విదేశాంగ మంత్రి నోటి నుంచి 'అడుగుతాం' అనే ఒక్క మాట రాలితే చాలు. సభలో ఇచ్చిన హామీ నీటిమీద రాత కాదు, అది నెరవేరేదాకా ప్రభుత్వం మెడకి చుట్టుకునే ఉంటుంది. ఆ కోటు మనిషిని దేశం దాటనివ్వడం కూడా కష్టమవుతుంది.

"కానీ అడిగిన మనిషి సభలో ఉంటేనే జవాబు. నన్ను బయటికి ఈడ్చేస్తే ప్రశ్న చచ్చినట్టే. అందుకని ఈడ్పిస్తారు. నేను కుడిచేత్తో బల్లకాలు పట్టుకుంటాను. ఆ చెయ్యి నీది. నీ వేళ్ళు మెత్తగా ఉంచు, అంతే. మిగతా ముగ్గురూ లాగినా ఆయన నోరు విప్పేదాకా నేను ఉండగలను."

"ఉంచుతాను" అంది కుడిచెయ్యి.

"ఉద్యోగం పోతుందే పిల్లా."

పోతే పోయింది అనలేదు ఆమె. మరదలి బాధ్యత, ఇంటి అద్దె అన్నీ గుర్తొచ్చాయి. అయినా మళ్ళీ అదే మాట చెప్పి వచ్చేసింది.

ఆ ప్రశ్న వచ్చే రోజు పొద్దున్న ఆమె యూనిఫాం ఇస్త్రీ చేసుకుని సభకి నడుచుకుంటూ బయల్దేరింది. దారిలోనే ఆసుపత్రి. తమ్ముడు వేసిన సగం పట్టీలు అక్కడే ఉన్నాయి, మిగతా సగం వెయ్యడానికి ఎవరూ రాలేదు. పట్టీల పక్కన ఒలికిన రంగు పెద్ద మచ్చలా గట్టిపడి ఉంది, దానిమీదుగా బండ్లు పోతున్నాయి. ఆమె దాటబోతుండగా ఈలలు మోగాయి. జనాన్ని వెనక్కి తోశారు. ముందు రెండు మోటారు సైకిళ్ళు, వెనక విదేశాంగ మంత్రి నల్లకారు, ముక్కుమీద జెండా రెపరెపలాడుతూ. సభకి కాకుండా ఎదురు దిక్కుకి పోతోందేమిటా అని ఆమె అనుకునేలోపే చెయ్యి నుదుటికి పోయింది. మడమలు కలిశాయి. కారు తమ్ముడి పట్టీలమీద వేగం తగ్గించకుండా పోయింది. కారు కిటికీ తెర సందులోంచి ఒక చెయ్యి లేచి, బద్ధకంగా రెండు వేళ్ళు ఊపింది. మంత్రిగారికి ఇవాళ దయ కలిగిందనుకుని ఆమె మనసులో ఒక చిన్న ఆశ కూడా పడింది. ఆశకి సిగ్గుండదు.

సభ తలుపు దగ్గర నేలలో అడ్డంగా ఒక ఇత్తడి పట్టీ ఉంటుంది. పట్టీకి లోపల సభ, బయట లోకం. కుడిచెయ్యి చోటు ఆ తలుపు పక్కనే. గంట మోగింది. విదేశాంగ మంత్రి మామూలుగానే ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. ఈయన ఇంత తొందరగా ఎలా తిరిగొచ్చాడని ఆమెకి అనిపించిన మాట నిజం, కానీ అప్పటికే ప్రశ్న పిలిచారు.

రవాణా మంత్రి లేచి గొంతు సవరించుకున్నాడు. రోడ్డు ప్రమాదాలు పెరిగిన మాట వాస్తవమేనా అంటే, అవునండి అన్నాడు. కారణమేమిటంటే జనానికి రోడ్డు దాటడం రాకపోవడం అన్నాడు. దాటే చోట్ల గీతలు ఎందుకు వెయ్యలేదంటే, వేసిన చోట కూడా జనం చస్తున్నారు కాబట్టి ప్రశ్న ఉత్పన్నం కాదన్నాడు. తన వైపు వాళ్ళు బల్లలు చరిచారు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేతకన్నవాడు కూడా ఈయన ముందు నిజాయితీపరుడే.

ఉడుము లేచింది. గీతలు వేస్తూ చచ్చిపోయినవాడి సంగతి చెప్పమంది. కారు రంగు చెప్పింది, అందులో ఉన్నది రాయబార అధికారి అని చెప్పింది, ఆసుపత్రి గోడ చెప్పింది, ఉడికే రంగు చెప్పింది. గీత దగ్గర నిలబడాల్సినవాడు గీత గీసేవాణ్ణి చంపితే ప్రభుత్వం ఏం చేస్తోందని అడిగింది. రవాణా మంత్రి, ఇది విదేశీ వ్యవహారం కాబట్టి విదేశాంగ మంత్రిని అడగాలన్నాడు. విదేశాంగ మంత్రి కూర్చున్నచోట నుంచే, ఇది రోడ్డు ప్రమాదం కాబట్టి రవాణా మంత్రినే అడగాలన్నాడు. ఆయన మళ్ళీ ఈయన మీదికి, ఈయన మళ్ళీ ఆయన మీదికి. శవాన్ని చెరో వైపూ తోసుకుంటున్నట్టే ఉంది. ఈ మధ్యలో విదేశాంగ మంత్రి రెండుమూడు సార్లు గోడ గడియారం వైపు, పైన అధికారుల వరస వైపు చూశాడు. దూరం నుంచి కుడిచెయ్యి అది చూసింది. చూసినదానికి అర్థం తెలియలేదు.

ఉడుము సభ మధ్యకి వచ్చేసింది. ఆమె వెనక ప్రతిపక్షం, ఎదురుగా అధికార పక్షం. ఎవరు ముందు తోశారో ఎవరూ చెప్పలేరు. ఒక కుర్ర సభ్యుడు మైకు మెడ విరిచి చేత్తో పట్టుకున్నాడు. వెనకనుంచి గాజు పేపర్‌వెయిట్ ఒకటి ఎగిరివచ్చి గుమాస్తా చెవి చీల్చింది. ఒకాయన ఇంకొకాయన మెడలో కండువా రెండు చుట్లు తిప్పి బిగిస్తుంటే, ఆ రెండో ఆయన నాలుక బయటికి వచ్చింది. ఎవరిదో ముక్కు పగిలిన చప్పుడు ఎండుకొమ్మ విరిగినట్టు వినబడింది. ప్రజలు ఎన్నుకుని పంపిన పెద్దమనుషులు రక్తపు ఉమ్ములు ఉమ్ముకుంటూ ఒకరి వేళ్ళు ఒకరు తొక్కుకున్నారు. ఉడుము మాత్రం గొడవలో దిగలేదు. ముందు బల్ల కాలికి కుడిచెయ్యి చుట్టి, నేలమీద కూర్చుని, జవాబు చెప్పు, జవాబు చెప్పు అని అదే మాట అంటోంది.

సభాపతి కళ్ళజోడు తీశాడు.

నలుగురూ కదిలారు. ఎడమచెయ్యి తన వాటా అందుకుంది, కాళ్ళవాళ్ళు కాళ్ళు అందుకున్నారు. కుడిచెయ్యి బల్ల దగ్గర మోకాళ్ళమీద వంగి ముసలామె మణికట్టు చుట్టూ వేళ్ళు వేసింది. మెత్తగానే వేసింది. ఉడుము ఆమె కళ్ళలోకి చూసింది. ముగ్గురు లాగుతున్నారు, బల్ల కిర్రుమంటోంది, ముసలామె కదల్లేదు. అనుకున్నది అనుకున్నట్టే జరుగుతోంది. విదేశాంగ మంత్రి చెయ్యి బల్లమీద పెట్టి సగం లేచాడు కూడా.

సరిగ్గా అప్పుడే, ఉడుముని గురిచూసి ఎవరో విసిరిన మైకు దిమ్మ గురి తప్పి కుడిచెయ్యి కనుబొమ మీద తగిలింది. ఎముక కనబడేంత చీలిక. కంట్లోకి వెచ్చగా రక్తం కారింది. దెబ్బ తగిలింది కాబట్టి వేళ్ళు బిగిశాయి. ఏళ్ళనాటి ఇసుక బస్తా, ఏళ్ళనాటి కర్ర. ఆమె తల ఇంకా ఏమైందని అడుగుతుండగానే చేతులు బల్లకాలి నుంచి ముసలామె చేతిని ఊడబెరికి భుజమ్మీదికి ఎత్తేశాయి. నలుగురూ కలిసి అడుగులు వేశారు, ఎప్పటిలాగే, ఎంతో చక్కగా. మార్షల్ పెద్దాయన చూస్తే మెచ్చుకునేవాడు.

"ఇదేంటే" అంది ఉడుము. తిట్టు కాదది. నమ్మినవాళ్ళు మోసపోయినప్పుడు వచ్చే గొంతు.

ఆ గొంతు వినేసరికి ఆమెకి తెలివి వచ్చింది. అప్పటికే తలుపు వచ్చేసింది. కాళ్ళు మోస్తున్న ఇద్దరూ ఇత్తడి పట్టీ దాటేశారు, ఎడమచెయ్యి దాటుతోంది. వెనకనుంచి సభాపతి, అడిగిన సభ్యురాలు సభలో లేరు కనుక అని మొదలుపెట్టాడు. కుడిచెయ్యి ద్వారబంధానికి కాలు తన్నిపెట్టి ఆగిపోయింది. రెండు చేతులతో ఆ ముసలి చేతిని పట్టుకుని లోపలికి లాగింది. అటు ముగ్గురు, ఇటు ఒక్కతి. మధ్యలో ఒక ముసలి ఒళ్ళు నడుం దగ్గర పట్టీ మీద వేలాడింది. ఎడమకాలు, ఏంటే నీకు పిచ్చా అని అరిచింది. కుడిచెయ్యి వినలేదు. పళ్ళు బిగించి లాగింది. ముసలామె భుజంలో ఏదో కటుక్కుమంది, చెయ్యి ఉండాల్సినదానికన్నా పొడుగైంది. కుడిచెయ్యి పట్టు సడలించబోయింది.

"వదలకు" అంది ఉడుము. ముఖం బూడిదలా ఉంది. "వదిలావంటే చంపేస్తాను."

ఆమె వదల్లేదు. పట్టీ ఇవతల తల ఉంది, భుజం ఉంది, ఊడిన చెయ్యి ఉంది. ప్రతిపక్షమంతా ఆమె సభలోనే ఉందని అరవసాగింది. పత్రికలవాళ్ళ వరస మొత్తం లేచి నిలబడి తలుపు వైపు చూస్తోంది. సభాపతి తన వాక్యాన్ని పూర్తి చెయ్యలేకపోయాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, విదేశాంగ మంత్రి జవాబు చెప్పవలసిందన్నాడు.

విదేశాంగ మంత్రి పైన అధికారుల వరస వైపు చూశాడు. అక్కడొకాయన తల ఊపాడు. మంత్రి ముఖం విచ్చుకుంది. కోటు సర్దుకుని తీరిగ్గా లేచాడు.

"అధ్యక్షా, సభ్యురాలు ఇంత శ్రమ పడవలసిన పని లేదు. ఆ అధికారిని మిత్రదేశం తన ఇష్టంతోనే వెనక్కి పిలుచుకుంది. ఈ ఉదయం నా సొంత కారులో, తగిన గౌరవంతో విమానాశ్రయానికి సాగనంపాం. విమానం ఇప్పుడే మన సరిహద్దు దాటింది. కాబట్టి అడగడమనే ప్రశ్న ఉత్పన్నం కాదు."

బల్లలు మోగాయి.

కుడిచెయ్యికి ఆ చప్పుడు వినబడలేదు. ఆమెకి నల్లకారు కనబడింది. తెర సందులో రెండు వేళ్ళు కనబడ్డాయి. తమ్ముడి పట్టీల పక్కన, వాడి మీద ఒలికిన రంగు పక్కన, తాను మడమలు కలిపి నిలబడ్డ తీరు కనబడింది. వాణ్ణి చంపినవాడికి తాను సెల్యూట్ కొట్టింది. వాడు దాన్ని అందుకున్నాడు.

ముసలామె చేతిని ఆమె జాగ్రత్తగా, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు నేలమీద పెట్టింది. తర్వాత లేచి సభ మధ్యకి నడిచింది. సభాపతి మాట లేకుండా మార్షల్ అడుగు వెయ్యకూడని చోటు అది. కనుబొమ నుంచి కారుతున్న రక్తం చొక్కా గుండీల మీదికి దిగుతోంది. ఏదో ఆజ్ఞ మీద వస్తోందనుకుని సభ్యులు దారి ఇచ్చారు. యూనిఫాంకి ఆ మర్యాద ఎప్పుడూ ఉంటుంది. విదేశాంగ మంత్రి ఇంకా నిలబడే, పొగడ్తలు అందుకుంటున్నాడు.

"ఆ కారుకి సెల్యూట్ కొట్టింది నేనే" అంది ఆమె.

ఆయనకి అర్థం కాలేదు. ఈ మనిషెవరని పక్కాయన్ని అడగడానికి తల తిప్పాడు.

ఆమె ఏ ఆజ్ఞా లేకుండా వచ్చిందని సభాపతికి మాత్రం అర్థమైంది. కళ్ళజోడు లాగి బల్లమీద కొట్టాడు. మిగిలిన ముగ్గురు ఆడ మార్షల్సూ ముసలామెని వదిలేసి పరిగెత్తుకొచ్చారు. ఒకామె ఎడమచెయ్యి అందుకుంది. మిగతా ఇద్దరూ వంగి చెరో కాలూ వాటేసుకున్నారు. ఏళ్ళ తరబడి చేసినట్టే ఎవరి వాటా వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు, ఒకరి వాటా ఇంకొకరు ముట్టుకోలేదు. కుడిచెయ్యి పట్టుకునే మనిషి కుడిచెయ్యే. ఆ సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ చెయ్యి పిడికిలి అయింది. జీవితంలో మొదటిసారి తిరిగి కొట్టింది. మొదటి దెబ్బకి మంత్రి పెదవి చీలి ముందు పళ్ళు రెండు ఆమె వేళ్ళ కణుపుల్లో దిగాయి. రెండో దెబ్బకి ముక్కు పక్కకి ఒరిగింది. ఆయన రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని బల్లకిందికి జారుతుంటే, మూడో దెబ్బ ఆ చేతుల మీదుగానే పడింది. ప్రతి దెబ్బకీ ఆమె ఏదో అంటోంది. దగ్గరున్నవాళ్ళు తర్వాత చెప్పారు, ఆమె అన్నది 'అడుగు' అనే మాటట. ఆయన ఎవరినీ ఏమీ అడిగే స్థితిలో లేడు. తెల్లటి చొక్కా మీద పళ్ళముక్కలు, రక్తం, చొంగ.

మగ మార్షల్స్ వచ్చేదాకా ఆగకుండా ముగ్గురూ ఆమెని గాల్లోకి లేపి తలుపు వైపు మోసుకుపోయారు. మూడు మూలలే పైకి లేచాయి. నాలుగో మూల కిందికి వాలిపోయి, ఆ కుడిచెయ్యి నేలమీద ఈడ్చుకుంటూ వెళ్ళింది. ఆమె దాన్ని దగ్గరికి తీసుకోలేదు. చీలిన కణుపుల నుంచి కారిన రక్తం సభ మధ్య నుంచి, ఊడిన భుజంతో ఇంకా తలుపు దగ్గరే పడి ఉన్న ముసలామె పక్కనుంచి, ఇత్తడి పట్టీ దాకా నేలమీద ఒక గీత వేసింది. వంకర లేని గీత.

వెనకే పరిగెత్తుకొచ్చిన సభ్యులూ మంత్రులూ దాన్ని చూసి, బూట్లకి అంటుతుందని, దాని ఇవతలే ఆగిపోయారు.